ర్యాపరు మీద పేరెవరిది?

మా పత్తికొండలో 'దారు'లకు కొదవ లేదు. పొలమున్నాయన పట్టాదారు, బ్యాంకులో నాలుగు రూపాయలున్నాయన ఖాతాదారు, బియ్యం కోసం వరసలో నిలబడే ఆమె కార్డుదారు. ఈ 'దారు' అనే తోక పారసీ నుంచి వచ్చింది. పట్టుకున్నవాడు, చేతిలో కలిగినవాడు అని దానర్థం. అన్నిటికన్నా చిన్న 'దారు' ఒకటుంది. ఎవరూ పెద్దగా పట్టించుకోనిది. అది చందాదారు. ఆ చిన్న మాట గురించే ఈ నాలుగు ముక్కలూ.

లెక్కలో పేరెక్కడమంటే ఏమిటో మా సీమకు కొత్తగా చెప్పక్కర్లేదు. సర్ థామస్ మన్రో 1827 జులై 6న కలరాతో కన్నుమూసింది మా వూళ్ళోనే. అప్పటికి ఆయన మద్రాసు గవర్నరు. అంతకుముందు 1800 నుంచి 1807 దాకా దత్తమండలాల కలెక్టరుగా వుండి, నడుమ జమీందారు లేకుండా రైతు పేరు నేరుగా సర్కారు లెక్కలో ఎక్కించే రైత్వారీ పద్ధతిని ఇక్కడ పాదుకొల్పాడు. ఆ అభిమానంతో ఈ ప్రాంతంలో పిల్లలకు మన్రోలప్ప అని పేర్లు కూడా పెట్టుకున్నారు. సరే, రైతు పేరు ఎక్కింది. రైతు భార్య పేరో? కలుపు తీసిన చెయ్యి ఒకరిది, పట్టాలో పేరు ఇంకొకరిది. చందా సంగతీ చాలా ఇళ్ళలో అంతే. చందా ఆయన పేర, చదువు ఆమెది.

'చందా' అనే మాటను ఒకసారి తిప్పి చూడండి. వినాయక చవితికి పిల్లలు తలుపు తట్టి అడిగేదీ చందాయే, వారపత్రికకు ఏడాదికోసారి కట్టేదీ చందాయే. పందిరికి అయిదు రూపాయలిచ్చినావిడ వినాయకుణ్ణి కొనుక్కోలేదు కదా! పదిమందితో కలిసి ఆ పండగ జరగడానికి ఒక చెయ్యి వేసింది. ఇంగ్లీషువాళ్ళ 'సబ్‌స్క్రైబ్' అనే మాటకు అసలర్థం కింద రాయడం, అంటే కాగితం అడుగున సంతకం పెట్టడం. వాళ్ళది సంతకం, మనది చెయ్యి సాయం. రెండింటిలోనూ కొనుగోలు మాత్రం లేదు.

దీన్ని పట్టుకుని ఇంతసేపు ఎందుకు పీకుతున్నానంటే, మన నవలల చరిత్ర రాసేవాళ్ళ మీద నాకో ఫిర్యాదు వుంది. అరవైలు, డెబ్భైలలో ఆడవాళ్ళు రాసిన సీరియళ్ళ గురించి రాసేటప్పుడు వాళ్ళ కలం తప్పకుండా ఒక మాట దగ్గరకు చేరుతుంది. మార్కెట్టు! ఆడవాళ్ళు కొన్నారు గనక పత్రికలు వేశాయి, పత్రికలు వేశాయి గనక రచయిత్రులు రాశారు అంటారు. వినడానికి బాగానే వుంటుంది. కాని కొన్నావిడా చందా కట్టినావిడా ఒకరు కారు. బస్టాండులో తోరణంలా వేలాడే పత్రికను తిరగేసి, నచ్చితే డబ్బులిచ్చి తీసుకునేవాళ్ళు కొన్నవాళ్ళు. చందా కట్టినావిడ, ఇంకా ఎవరూ రాయని కథకు ముందే డబ్బులు పంపింది. ఆ రచయిత్రి ఆ అధ్యాయం రాసేదాకా, అచ్చయ్యేదాకా, సంచీలో పడి రైలు దిగి బస్సెక్కి మా వూరు చేరేదాకా వుంటుంది ఆవిడ నమ్మకం. లేని సరుకుకు డబ్బు ముందుగా కట్టడాన్ని ఏ మార్కెట్టులోనైనా వ్యాపారం అంటారా? మా మండీలో అయితే పిచ్చి అంటారు.

ఈ పిచ్చి మన దగ్గర పాతదే. కర్నూలులో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు, కొమర్రాజు లక్ష్మణరావుగారూ, మరికొందరూ కలిసి 1906లో హైదరాబాదులో విజ్ఞానచంద్రికా గ్రంథమండలి పెట్టినప్పుడు నమ్ముకున్నది చందాదారులనే. మండలి మొదటి పుస్తకం గాడిచర్లవారు రాసిన అబ్రహాం లింకను చరిత్ర. అమెరికా అధ్యక్షుడి కథ తెలుగులో వస్తే చదివేవాళ్ళు వుంటారా లేదా అని సందేహించకుండా, వస్తుందంటే చాలునని చెయ్యి వేసిన మనుషులున్నారు. ఇంగ్లండులో ఈ ఆచారం ఇంకా ముందునుంచీ వుంది. చందాలు పోగుచేసి పుస్తకం వేస్తే, కట్టినవాళ్ళ పేర్లు మొదటి పుటల్లో అచ్చువేసేవారు. శామ్యూల్ జాన్సను షేక్స్పియరు నాటకాలను పరిష్కరించి వేస్తానని 1756లో ప్రకటించి చందాలు తీసుకుని, 1765లో గాని పుస్తకం బయటపెట్టలేదు. చందాదారుల జాబితా ఎక్కడని అడిగితే, పేర్లున్న కాగితం పోయింది, డబ్బేమో ఖర్చయిపోయింది అన్నాడట ఆ మహానుభావుడు. పుస్తకం మాత్రం ఇచ్చాడు లెండి.

ఇప్పుడు మా ఇంటికి రండి. నేను కాపురానికి వచ్చేనాటికి ఇంట్లో ఒక వారపత్రికకు చందా వుండేది. మా వారు బడిపంతులు. చందా ఆయన పేర, చిరునామా బడిది. పత్తికొండకు రైలు లేదు. ఎక్కడో దిగిన తపాలా సంచీ బస్సులో రావాలి. అట్లా వచ్చిన పత్రిక ముందు పంతుళ్ళ గదిలో ఒక చుట్టు తిరిగి, ఎవరో టీ గ్లాసు పెట్టిన గుండ్రటి మరకతో రెండు రోజులకో మూడు రోజులకో ఇల్లు చేరేది. సీరియల్లో ఏం జరిగిందో నాకన్నా ముందు లెక్కల సారుకు తెలిసిపోయేది. ఆయన అది మా వారికి చెప్పడం, మా వారు అన్నం తింటూ నాకు చెప్పబోవడం, నేను చెవులు మూసుకోవడం! చదివే నేను ఇంట్లో, చందాదారు బళ్ళో.

ఒక ఏడు చందా తిరగకట్టే వేళకు మనియార్డరు ఫారం నేనే నింపాను. నా పేరు, ఇంటి చిరునామా రాశాను. మా వారు చూసి నవ్వి సంతకం అవసరం లేదా అన్నారు. లేదన్నాను. మొదటి సంచిక వచ్చిన రోజు తపాలా ఆయన వీధి మొదట్లో నిలబడి, "ఈ పేరుగల్ల ఆమె ఎవురప్పా ఈ వీధిలో?" అని మూడిళ్ళలో అడిగాడట. ఎవరూ చెప్పలేకపోయారు. నేను వాళ్ళకి సారు ఇంటామెను. పిల్లవాడు పుట్టాక వాడి పేరుతో వాళ్ళమ్మను. నాకొక పేరుందని ఎదురింటి శెట్టిగారి కోడలికే తెలియదు, రోజూ బావి దగ్గర గంట మాట్లాడుకునేవాళ్ళం! ఆఖరికి ఇంటిపేరు చూసి ఆయన మా గుమ్మంలోకి వచ్చాడు. ఆ తర్వాత వారంవారం వీధిలో కేకేసేది నా పేరే. ఆర్నెల్లలో వీధంతటికీ అలవాటైపోయింది. నా పెళ్ళిపత్రికలో తప్ప నా పేరు అచ్చులో, చిన్న కాగితం ముక్క మీదైనా సరే, అంటించి వున్నది ఆ ర్యాపరు మీదే. చాలాకాలం తర్వాత, 1999లో దీపం పథకం వచ్చి గ్యాసు కనెక్షన్లు ఆడవాళ్ళ పేర ఇచ్చినప్పుడు మా వీధిలో ఒకామె ఆ కాగితాన్ని నాలుగిళ్ళకూ తీసుకెళ్ళి చూపించింది. ఎందుకు చూపించిందో నాకు చెప్పనవసరం లేకపోయింది.

చందా ఒకరిదైనా చదువరులు అయిదిళ్ళవాళ్ళు. వీక్లీ అనేవాళ్ళు కాదు, పుస్తకం అనేవాళ్ళు. "ఈ వారం పుస్తకం ఇంగా రాల్యా?" అని అడిగేవాళ్ళు. చదివే వరస కూడా వుండేది. నా తర్వాత శెట్టిగారి కోడలు, ఆ తర్వాత మిషను కుట్టే ఆమె, చివరికి చదువురాని మా అత్త. ఆమెకు మధ్యాహ్నం నేను చదివి వినిపించాలి. రెండోసారి పైకి చదివేటప్పుడే నాకు రచన బలమేదో బలహీనతేదో తెలిసేది. కళ్ళతో దాటిపోయిన వర్ణన నోటితో దాటదు. మా అత్త బొరుగుల్లో రాళ్ళేరుతూ, "ఆ కారు సంగతి వదిలేయ్, ఆ పిల్ల అన్నం తినిందా లేదా చూడు" అనేది. అంతకన్నా మంచి విమర్శ నేను తర్వాత ఏ పుస్తకంలోనూ చదవలేదు.

సీరియలు పూర్తయ్యాక అసలు పని మొదలయ్యేది. వారం వారం పుటలు జాగర్తగా చించి, వరసగా పేర్చి, దబ్బనంతో కుట్టి, పాత క్యాలెండరు అట్ట వేసేవాళ్ళం. ఆ కుట్టు పుస్తకం వెనక పుటల్లో తలనూనె ప్రకటనలూ, చీరల బొమ్మలూ, సగం తెగిన పాకం కొలతలూ, ఎవరో రాసిన ఉత్తరం తోకా వుండేవి. లైబ్రరీలో వున్న నవల ప్రచురణకర్త చేసింది. ఇది చందాదారు చేసింది. ఒకదాంట్లో ఒక వారం రాక ఒక అధ్యాయమే లేదు. ఆ ఖాళీలో ఏం జరిగి వుంటుందో అయిదిళ్ళవాళ్ళం అయిదు రకాలుగా పూరించుకున్నాం. ఏళ్ళ తర్వాత అచ్చు పుస్తకంలో ఆ అధ్యాయం దొరికింది. శెట్టిగారి కోడలు చెప్పిందే బాగుంది.

ఈ కుట్టు పుస్తకాలు దగ్గర పెట్టుకుని చూస్తే, విమర్శకులు తప్పులని లెక్కపెట్టేవి కొన్ని తప్పులు కావని తెలుస్తుంది. సీరియల్లో నాయిక కళ్ళను పదిసార్లు వర్ణిస్తారనీ, జరిగిందే మళ్ళీ చెబుతారనీ, ప్రతి అధ్యాయం చివరా తలుపు చప్పుడవుతుందనీ వెక్కిరిస్తారు. ఆ చప్పుడుకు గుండె గుభేలుమంటుంది. వచ్చే వారం చూస్తే పాలవాడు! నేనూ విసుక్కున్న రోజులున్నాయి. కాని ఏకబిగిన చదివేవాడికి చాదస్తంలా కనపడే ఆ పునరుక్తి, వారం రోజులు పప్పు రుబ్బి, పిల్లల జ్వరాలు చూసి, మళ్ళీ కథలోకి వచ్చేవాళ్ళకు దారి చూపే ముడి. పురాణం చెప్పే ఆయన కూడా నిన్నటి కథ రెండు మాటల్లో చెప్పి గాని ఇవాళ్టిది ఎత్తుకోడు. ఎవరికోసం రాశారో వాళ్ళ రోజు ఎట్లా గడుస్తుందో తెలిసి రాసిన రచన అది. ఆ లెక్కన చూడాలంటే 1978లో మొదలైన చతురను పక్కన పెట్టుకోండి. అది నెలకొక నవల మొత్తం ఒకే సంచికలో ఇచ్చేది. అందులో తలుపు చప్పుళ్ళు తక్కువ. కథ బిగువుగా వుంటుంది. కాని నెలంతా మనతో కాపురం చెయ్యదు. రాత్రి ఒంటిగంటకు ముగిసిపోతుంది. విపుల, చతుర రెండూ 2021లో అచ్చులో ఆగిపోయాయి.

అట్లాగని అంతా మెచ్చుకోలే అనుకోకండి. చందాదారుల చెయ్యి రచనను నిలబెట్టినట్టే అణగదొక్కింది కూడా. యద్దనపూడి సులోచనారాణిగారి 'సెక్రటరీ' జ్యోతి మాసపత్రికలో వచ్చింది. తన కాళ్ళమీద తను నిలబడాలని ఉద్యోగానికి బయల్దేరిన పిల్లను చూసి మా తరం ఆడపిల్లలు వీపు నిటారుగా పెట్టుకుని కూర్చున్నారు. ఆ పిల్ల చివరికి యజమాని ఇంటి ఇల్లాలై కూర్చుంటే తృప్తిగా నిట్టూర్చిందీ మేమే. ఆ ముగింపు నాకిప్పటికీ మింగుడుపడదు. కాని వేరే ముగింపు ఇస్తే ఎన్ని ఉత్తరాలు వెళ్ళేవో ఊహించగలను. ముందుగా డబ్బు కట్టినవాళ్ళకు పెళ్ళి భోజనం పెట్టకుండా పంపడం కష్టం. అదే కాలంలో రంగనాయకమ్మగారి 'బలిపీఠం' ఆంధ్రప్రభ వారపత్రికలో వచ్చింది. ఆదర్శం కోసం ఒక విధవను, అదీ కులం కాని కులంలో పెళ్ళాడితే ఆ సంసారంలో నిత్యం ఏం జరుగుతుందో ఆవిడ వారం వారం దాపరికం లేకుండా రాశారు. దాన్నీ అదే చందాదారులు చదివారు, తగువులాడారు, చందా మాత్రం మానలేదు. కాబట్టి ఆడవాళ్ళు తీపి తప్ప ముట్టరనే మాట చెల్లదు. వడ్డించేవాళ్ళకు ధైర్యముంటే కాకరకాయా తిన్నారు.

చందాదారుకున్న హక్కు చదవడం ఒకటే కాదు, అడగడం కూడా. ఆంధ్రప్రభ వీక్లీలో మాలతీ చందూర్‌గారి 'ప్రమదావనం' దశాబ్దాల తరబడి నడిచింది. ఊరగాయకు బూజు ఎందుకు పడుతుందని అడిగినావిడకూ, ఆడపడుచు ఆరడి పడలేకుండా వున్నానని రాసినావిడకూ, ఫలానా దేశం ఎక్కడుందని అడిగిన పిల్లకూ ఒకే మర్యాదతో జవాబు. ఇంట్లో అడిగితే "నీకెందుకు" అనిపించుకునే ప్రశ్నలు అక్కడ అచ్చయ్యేవి. 2013లో ఆవిడ పోయినప్పుడు నాకు ఒక బంధువు పోయినట్టే అనిపించింది, ఒక్క ఉత్తరం కూడా నేను రాయకపోయినా. మన సాహిత్య చరిత్రల్లో ఆ శీర్షికకు ఎంత చోటిచ్చారో వెతకండి. నవలలకు అధ్యాయాలుంటాయి, కవిత్వానికి ఉద్యమాలుంటాయి, ప్రశ్నలడిగిన ఆడవాళ్ళకు అధోజ్ఞాపికైనా దొరకడం కష్టం.

ఒకటి ఒప్పుకోవాలి, చందాలతోనే పత్రికలు బతకలేదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో అమృతాంజనం మొదలుపెట్టి, ఆ రాబడి అండతోనే 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రిక పెట్టారు. కేసరిగారి గృహలక్ష్మి 1928లో వచ్చిందంటే దాని వెనక వారి లోధ్ర మందు వుంది. తలనొప్పి మందూ, ఆడవాళ్ళ మందూ కలిసి మన అక్షరాల్ని మోశాయి. తర్వాత రోజుల్లో పౌడర్లూ సబ్బులూ మోశాయి. మనం కట్టే చందా కాగితం ఖర్చుకైనా చాలదని పత్రికలవాళ్ళు అనేవాళ్ళు. నిజమే అయివుండవచ్చు. అట్లయితే మనం చందాదారులమా, సబ్బుల కంపెనీకి చూపించే తలల లెక్కా? రెండూను. ఆ రెండిట్లో దేనికి ఎక్కువ విలువ ఇచ్చారన్నదాన్ని బట్టే ఒక్కో పత్రిక నాకు మంచిదిగానో చెడ్డదిగానో తోచేది. పేరు చెప్పను గాని, ఒక పత్రిక ఏడాది చందా పుచ్చుకుని అయిదో నెలలో చెప్పాపెట్టకుండా ఆగిపోయింది. ఉత్తరం రాస్తే జవాబు లేదు. మిగిలిన డబ్బు పోతే పోయింది. సీరియల్లో ఆ ముసలాయన వీలునామా ఎవరి పేర రాశాడో నాకీరోజుకీ తెలియదు. జాన్సనే నయం.

ఇప్పుడు చందాలు తగ్గాయంటారు గాని నాకు ఎక్కువైనట్టు కనిపిస్తోంది. ఫోనుకు చందా, టీవీకి చందా, సినిమాలకు చందా, పాటలకు చందా. ఒక్క తేడా మాత్రం పెద్దది. అప్పుడు గడువు తీరగానే ర్యాపరు మీద ఎర్రసిరాతో "మీ చందా ఈ సంచికతో ముగుస్తుంది" అని వుండేది. మనం మాట్లాడకపోతే చందా ఆగిపోయేది. పత్రికే మనల్ని మళ్ళీ అడగాలి. ఇప్పుడు మనం మాట్లాడకపోతే చందా సాగిపోతుంది, బ్యాంకులోంచి డబ్బు దానంతటదే వెళ్ళిపోతుంది. 2021 అక్టోబరు నుంచి రిజర్వు బ్యాంకు, డబ్బు అట్లా తీసుకునే ముందు కనీసం 24 గంటల ముందుగా ఖాతాదారుకు కబురు పెట్టాలని నియమం పెట్టింది. మంచిదే. కాని ఆ కబురు ఎవరి ఫోనుకు వస్తుంది? మీ ఇంట్లో సినిమాల చందా ఎవరి నంబరు మీద వుందో, ఆ కబురు చదివి వద్దో కావాలో చెప్పేది ఎవరో ఒకసారి కనుక్కోండి. కథ మాత్రం ఏకబిగిన పది భాగాలూ ఒకేరోజు పడేస్తారు. ఎదురింటికి వెళ్ళి మాట్లాడుకునే లోపల మూడో భాగం మొదలవుతుంది.

బెంగుళూరులో మా కోడలు టీవీ పెట్టగానే "ఎవరు చూస్తున్నారు?" అని తెర అడుగుతుంది. కింద వరసగా గడులు, గడికో పేరు. మా వాడిది వాడి పేరు, ఆ అమ్మాయిది ఆమె పేరు, పిల్లది పిల్ల పేరు. నాకోసం ప్రేమగా ఒకటి తెరిచింది, దాని మీద 'అత్తమ్మ' అని వుంది. మార్చడం ఎట్లా అని అడిగితే నవ్వి రిమోటు నా చేతికిచ్చింది. అందులో తెలుగక్షరాలు లేవు. ఒక్కొక్క ఇంగ్లీషు అక్షరమే వెతుక్కుని, ఇంటిపేరుతో సహా నా పేరు పూర్తిగా కొట్టుకున్నాను. గడిలో పట్టక చివరి రెండక్షరాలూ తెగిపోయాయి గాని, నాది అని తెలుస్తోంది.